పసుపు ఎత్తిన చెయ్యి

ఈ వేసవిలో శేవంతా బత్తాయి తోట బతకాలంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ బతకాలి. భర్త పోయాక ఆమె, మామ దగడూ ఆబా కలిసి సాకిన తోట అది. బోరులో నీరు సన్నగిల్లింది. అయినా డ్రిప్పు పైపుల పుణ్యమా అని మోటారు కాసేపు తిరిగితే చాలు, చెట్ల మొదళ్లన్నీ తడిసేవి.

పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను మా ఊరే కాల్చుకుంది. ప్రతివాడూ స్టార్టర్ డబ్బాకు ఆటో బిగించుకోవడంతో, కరెంటు రాగానే మోటార్లన్నీ వాటంతటవే ఒక్కసారిగా లేచేవి. చెరకు మళ్లలో నీరు గట్టు దాటి బాట మీదికి పారుతున్నా ఆపే దిక్కుండేది కాదు. కొత్తది వచ్చిన రోజు శేవంతా పట్టుబట్టి, ఖండోబా గుడి దగ్గర ఇంటికొకరి చేత మారేడు దళం, పసుపు ఎత్తించి ఒట్టు వేయించింది. ఆటోలు తీసేయాలి, వంతులవారీగా చేత్తోనే మోటారు వేసుకోవాలి. ఖండోబా పసుపు ఎత్తి మాట తప్పేవాడు మా వైపు ఉండడు.

మరిది భానుదాస్ గొణిగాడు. "వహినీ, నీ చెట్లు చుక్కలు తాగుతాయి, నా చెరకు కడవలు తాగుతుంది. ఇద్దరికీ ఒకటే ఒట్టా?"

"తాగుబోతును పెంచింది నువ్వే కదా భావుజీ. నువ్వే మాన్పించు. డ్రిప్పు వెయ్యి."

అందరూ నవ్వారు. అతనూ పసుపు ఎత్తాడు.

తర్వాత గాలిదుమారానికి తీగలు తెగి కరెంటు పోయింది. బాగు చేసేసరికి బత్తాయి ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి, పిందెలు మెత్తబడ్డాయి. ఆ మధ్యాహ్నం మొదటి వంతు శేవంతాది. కరెంటు వచ్చిందని ఎవరో కేక వేస్తే ఆమె డబ్బా వైపు నడిచింది. సగం దూరం పోకముందే భానుదాస్ బోరు గుర్రుమంది. దాని పక్కది లేచింది. ఆ అవతలిదీ లేచింది. ఆపమని అరుస్తూ పరుగెత్తింది. దగ్గరికి పోయేసరికి తన మోటారు కూడా తిరుగుతోంది. డబ్బా తలుపు తీస్తే లోపల ఆటో. బయట ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలి, నల్లటి పొగ లేచింది. మోటార్లన్నీ ఆగిపోయాయి.

ఆబా చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు.

"ఒట్టు నువ్వు వేశావు తల్లీ. బిగించింది నేను," అన్నాడు. "అందరూ పెట్టుకునే ఉంటారు, మనమొక్కరమే ఎండిపోతామని భయపడ్డాను."

భానుదాస్ ఇంట్లో అతని భార్య బిగించిందట. ఇంకో ఇంట్లో బావమరిది. పసుపు ఎత్తిన చెయ్యి ఒక్కటీ తప్పు చేయలేదు.

వానలు పడేదాకా కొత్తది రాదని లైన్‌మన్ చెప్పి వెళ్లిపోయాడు. ట్యాంకరు కోసం ఆబా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. తాగడానికే నీళ్లు లేవన్నారట. శేవంతా రంపం తీసుకుని తోటలోకి పోయింది. ఆబా వెనకే వెళ్లాడు.

"పిందెలున్న కొమ్మలేనా?"

"అవే ఆబా. ఉన్న తడంతా అవే లాగేస్తాయి. వేళ్లైనా మిగలనీ."

ఆయన కొమ్మ వంచి పట్టుకున్నాడు. ఆమె కోసింది. ఆకుపచ్చ పిందెలు ఎండిన పైపుల మీద రాలాయి. కోసిన ప్రతిచోటా వేలు పెట్టి తడి ఉందేమో చూసింది. కొన్నిటికి ఉంది. తడి లేని చెట్లను వదిలేసి పక్క వరుసలోకి నడిచింది.