ఇరవైకి ఒక గుల్ల

"లాభం... రెండు... మూడు..."

ముసలయ్య చిల్లుల గిన్నెతో చేపపిల్లల్ని తొట్టిలోంచి డ్రమ్ములో పోస్తున్నాడు. ఒకటికి బదులు లాభం అనడం కొలిచేవాళ్ల ఆనవాయితీ. లెక్క తప్పకుండా ఇరవై గిన్నెలకొక నత్తగుల్ల గట్టు మీద పెట్టాలి. భార్య గంగారత్నం అతని చేతినే చూస్తోంది.

కిందటేడు చేపల లారీ మీంచి తల్లకిందులుగా పడ్డాడు. ఏలూరు ఆసుపత్రిలో నలభై రోజులున్నాడు. "మెదడులో మాటలుండే చోటే దెబ్బ తగిలిందమ్మా. నోట్లో నానిపోయిన లెక్కలాంటివే మిగిలాయి," అన్నాడు డాక్టరు. ఆమెను చూపించి, "ఈవిడ పేరేంటండీ?" అని అడిగితే ముసలయ్య చాలాసేపు వెతుక్కుని, "పదమూడు" అన్నాడు. వార్డంతా నవ్వింది. పాతికేళ్ల కాపురం "ఏమే"తోనే గడిచిపోయింది, పేరుతో పని పడలేదు. ఇప్పుడేమో ఆ పేరొక్కటి ఆయన నోట వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

మిగిలిన ఆ లెక్కనే నమ్ముకుని కొలిచే పనిలో మళ్లీ పెట్టుకోమని చెరువు యజమాని పాండురంగారావును బతిమాలింది. ఒక్కపూట చూస్తానన్నాడు. ఆ పూట ఇదే.

"పంతొమ్మిది... ఇరవై... ఇరవయ్యొకటి..."

"గుల్లండీ, గుల్ల," అని గొణిగింది.

ముసలయ్య ఆగాడు. అరచేతిలోని గుల్లను తిప్పి తిప్పి చూశాడు. చూసి, చేపపిల్లలతోపాటు డ్రమ్ములో వేశాడు.

పాండురంగారావు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇంటికి తీసుకెళ్లు, గంగారత్నం. మన కుర్రాడు రాంబాబు కొలుస్తాళ్లే," అన్నాడు. ఆయనకు తప్ప ఊరందరికీ నోరు తిరిగే పేరే ఆమెది.

ఎండ మండిపోతోంది. ఇంజను షెడ్డు నీడలో గోనె పరిచి పడుకోబెట్టి, గంజి పట్టించింది.

"నేనెవర్నండీ?"

ఆయన పెదవులు కదిలాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. తెలుసు, చెప్పలేడు. అడిగినందుకు ఆమె తనను తానే తిట్టుకుంది.

"ఇంకెప్పుడూ అడగన్లెండి. పడుకోండి."

తల రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మళ్లీ మొదలెట్టాడు. "లాభం... రెండు..." గొంతు సన్నగా ఉంది. ఆమె గోడకు చేరగిలబడి వింటోంది. పద్దెనిమిది దగ్గర లెక్క ఆగింది.

ఆమె పంతొమ్మిది కోసం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చల్లబడుతున్న ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది.

జనం వచ్చి ఆయన్ని మోసుకెళ్లాక, రాంబాబు మిగిలిన చేపపిల్లల్ని చెరువులో వదలడానికి డ్రమ్ము వంచాడు. అడుగున నత్తగుల్ల కనబడింది. దాన్ని తీసి, గట్టు మీద పెట్టవలసిన చోటే పెట్టాడు.