టోడీ పిట్ట గొంతు

పాండియరాజన్ తెచ్చిన ఫోటోలో ఉన్న పిట్ట పిడికిట్లో ఇమిడేంత ఉంది. జమైకా అనే దీవిలో తప్ప ఇంకెక్కడా బతకదట. టోడీ అంటారట. ఈగల్నీ దోమల్నీ పట్టుకు తినడమే దాని పని.

"వీపు పచ్చ, గొంతు ఎరుపు. ఆ దీవికి పోయే అగ్గిపెట్టెల మీద ఇదే ఉండాలి. వాళ్ళ సొంత పిట్ట కదా, రంగు తేడా వస్తే ఒప్పుకోరు" అన్నాడు పాండియరాజన్. తిరుత్తంగల్‌లో లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సుకి అతను మేనేజరు. పోతూ పోతూ అసలు మాట కూడా అనేశాడు. ఇది కుదిరితే లేబుళ్ళకు బొమ్మలు వేసే తిరుమలసామికి పని ఉంటుంది, లేకపోతే ఓనరు కంప్యూటరు కొంటాడు.

కోవిల్‌పట్టిలో తిరుమలసామి రంగులంటే ఒక పేరు. ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ఎందుకంటే ఆ మహానుభావుడికి ఎరుపూ పచ్చా వేరువేరని పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తెలియదు. రెండూ ఎండుటాకు రంగులోనే కనబడతాయి. పెళ్ళైన కొత్తలో పండిన టమాటాలు తెమ్మంటే పచ్చివి ఏరుకొచ్చాడు. భార్య సీనియమ్మాళ్ మొదట పోట్లాడింది, తర్వాత సంగతి పసిగట్టింది.

"ఎవురికీ సెప్పబాకండి. కూడు పోతాది" అంది. ఆ రోజు నుంచి గీత ఆయనది, రంగు ఆమెది. పొడి రంగులు తెచ్చి, బంక కలిపి, మందు సీసాల్లో పోసి వరసగా పెట్టేది. సీసాల మీద పేర్లు రాయలేదు. ఆమెకెందుకు పేర్లు?

పోయిన ఐప్పసి నెలలో జ్వరమొచ్చి ఆమె పోయింది. కర్మ చేసిన రోజు ఇల్లు కడిగినవాళ్ళు సీసాలన్నీ ఒక డబ్బాలో పడేశారు. వరస పోయింది.

కొత్త రంగులు కొనుక్కుని, మీద పేరు చదివి వేయొచ్చు కదా అని మనకు తోస్తుంది. ఆయనకూ తోచింది. కాని ఆమె చేత్తో కలిపిన రంగు ఎండిపోకముందే ఇంకొక్క బొమ్మకైనా వాడాలని మొండిపట్టు పట్టాడు. చప్పిడి ముక్కు, ముక్కులో ఈగ, గుండ్రటి పొట్ట, అన్నీ ఒక్క ఊపున గీసేశాడు. తర్వాత సీసాలు అటూ ఇటూ కదిపి, గుర్తున్నట్టే అనిపించిన రెండు తీసి పూసి, ప్రెస్సుకి పట్టుకుపోయాడు.

పాండియరాజన్ చూసి నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "వీపుకి ఎరుపు, గొంతుకి పచ్చ పూసుకొచ్చావేంటయ్యా? ఆమె పోయాక నీ మనసు మనసులో లేదు. రేపటిదాకా చూస్తాను, అంతే."

తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా ఆయన ఎవరి ముఖమూ చూడలేదు. ఇంట్లో ఒక్కడూ కూర్చుంటే తన దగ్గే తనకు పరాయిగా వినిపించింది. ఎండ దిగకముందే డబ్బా పట్టుకుని పక్కింటికి నడిచాడు. గుమ్మంలో ఆ ఇంటి కోడలు గాంధిమతి అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అంటిస్తోంది.

"ఇందులో ఎర్రది ఏదమ్మా?"

"సుమ్మా ఆట పట్టిస్తాండారా మామా? మీకు తెలీని కలరా?"

"తెలీదు. ఎప్పుడూ తెలీదు. రంగులన్నీ మీ అత్తే ఏసేది. నాకు ఎరుపూ పచ్చా ఒకే మాదిరి కనబడతాయి."

ఆ మాట పరాయి మనిషితో అనడం అదే మొదలు. చెప్పాక అరుగు మీద కూర్చున్నాడు. గాంధిమతి నవ్వలేదు. వేళ్ళకంటిన బంక తుడుచుకుని, సీసాలు ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చూసి, ఇది, ఇది కాదు, దాని పక్కది అని చెబుతూ పోయింది. ఆయన కొత్త అట్ట మీద మళ్ళీ గీసి వీపు నింపాడు. చివరికి గొంతు నింపాడు.

"కుదిరింది మామా. ప్రెస్సోళ్ళు ఒక్క మాట అనలేరు. మీ పనికి ఏం బయం లేదు పోండి."

ఆయన లేవలేదు. చాలాసేపు అట్టనే చూస్తూ కూర్చున్నాడు.

"మీ అత్త పెట్టుకొనే బొట్టు… ఈ ఎరుపేనా?"

గాంధిమతి వంగి అట్ట వైపు చూసింది.

"ఇదే మామా. ఎప్పుడూ ఇదే పెట్టుకుంటా ఉండె."

తిరుమలసామి అట్టను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. వెలుగు వైపు తిప్పాడు, నీడ వైపు తిప్పాడు. ఎటు తిప్పినా గొంతూ వీపూ ఒక్కలాగే ఉన్నాయి.