కడబంతి

మా ఊళ్ళో మంగ్లా పేటలోని ఆ అపార్ట్‌మెంట్లో తొంభై ఆరు ఫ్లాట్లు. ఏ ఇంటికి ఇంటర్నెట్ ఎంత వేగంతో వెళ్ళాలో తేల్చేది నేను. పేరు జ్యోతిర్మయి. అదే ఊళ్ళో తిఫ్రాలో ఉన్న మా చిన్న కంపెనీ ఇలాంటి అపార్ట్‌మెంట్లు ఐదింటికి నెట్‌వర్క్ నడుపుతుంది. అన్నిటికీ తిరిగే ఇంజనీర్ని నేనొక్కదాన్నే. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని నేను చెప్పిన మార్పులు చేసేవాడు రాంప్రసాద్. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని మా అమ్మ అంటూ ఉండేది. వడ్డించేదాన్ని నేనే కదా అని నాకు కొంచెం పొగరుండేది. ఉండేది అని ఎందుకంటున్నానో చెప్తాను.

లోపలికొచ్చే లైను ఒక్కటే. దాన్ని మూడు బంతులుగా పంచాం. మొదటి బంతి కమిటీవాళ్ళది, ఇంట్లోంచి ఆఫీసు పని చేసుకుంటామని ముందే రాయించుకున్నవాళ్ళది. రెండోది మిగతా ఫ్లాట్లది. మూడోది గెస్ట్. డెలివరీవాళ్ళు, ఏసీలు బాగుచేసేవాళ్ళు, వచ్చేపోయేవాళ్ళు అందులో. వాళ్ళందరికీ కలిపి ఒక హద్దు పెట్టాం. రద్దీ పెరిగితే ముందు నోరు కట్టేది వాళ్ళకే. రైల్వే ఊళ్ళో పుట్టినదానికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మా తాత పలాస నుంచి ఈ హిందీ రాష్ట్రానికి వచ్చి ఇక్కడ లోకో షెడ్‌లో చేరినవాడు. రాజధాని ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి పాసింజర్‌ని లూప్ లైన్లో నిలబెడతారని మాకు ఊహ తెలిసినప్పట్నించీ తెలుసు. పాసింజర్లో కూర్చున్నవాళ్ళని అభ్యంతరమా అని ఎవరూ అడగరు.

ప్రత్యూష మా చిన్నతల్లి పిన్ని కూతురు. ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. తిఫ్రాలో వాళ్ళింట్లో సాయంత్రాలు పదిహేనుమంది పిల్లలకి లెక్కలు చెప్పేది. చిన్నప్పుడు స్కూల్లో దీని హిందీలో తెలుగు యాస ఉందని పిల్లలు వెక్కిరించేవారు, ఒక టీచరు కూడా నవ్వింది. ఆ రోజునుంచీ దీనికి ఒకటే పట్టుదల. తను టీచరవ్వాలి, తన క్లాసులో ఎవర్నీ చూసి ఎవరూ నవ్వకూడదు. రాయపూర్‌లో ఒక పెద్ద ప్రైవేటు స్కూలు లెక్కల టీచరు పోస్టుకి పరీక్ష పెడితే మొదటి ముగ్గురిలో వచ్చింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. ఆదివారం పదకొండు గంటలకి, వీడియోలో.

వాళ్ళింటి పక్కనే లారీ బాడీలు కట్టే షెడ్డు. ఆదివారమైనా సుత్తి ఆగదు. అందుకని మంగ్లాలో ఆ అపార్ట్‌మెంటుకి రమ్మన్నాను. కింద లైబ్రరీ గది ఆ వేళ ఖాళీగా ఉంటుంది.

"నా ఫోన్లో డేటా ఉంది కదక్కా, చలేగా, అది చాలు" అంది.

"నీ డేటా ఏటే, నానుండగా!" అని కసురుకున్నాను.

ఆదివారం పదిన్నరకే వచ్చేసింది. నీలం చీర, వాళ్ళమ్మ జడ అల్లి పంపింది. లాప్‌టాప్ కలిపి, కుర్చీ వెలుతురుకెదురుగా జరిపి కూర్చోబెట్టాను. మొదటి బంతి జాబితాలో ఫ్లాట్లవాళ్ళు తప్ప బయటివాళ్ళు ఉండకూడదని కమిటీ నియమం. ఒక్క గంట దీన్ని అందులో పెడితే ఎవరు చూడొచ్చారులే అనుకుంటున్నాను, ఈలోగా కమిటీ ప్రెసిడెంటు శేషగిరిరావుగారి ఫోను. ఆయన బ్యాంకులో పెద్ద హోదాలో చేసి రిటైరై ఇక్కడే స్థిరపడ్డ మనిషి. "అమ్మాయ్, ఉన్నపళంగా పైకి రా. ప్రసారం ఆగి ఆగి వస్తోందట!"

లిఫ్టు ఎక్కుతూ రాంప్రసాద్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాను. "లైబ్రరీలో ఇప్పుడే ఒక లాప్‌టాప్ కలిసింది. మా చుట్టాలు. కాస్త చూసి పెట్టు." ఆరో అంతస్తు రాకముందే "హో గయా, దీదీ" అని జవాబొచ్చింది. నా మాటకి ఎంత విలువో చూశావా అని నాకు నేనే మురిసిపోయాను.

పైన సత్యనారాయణ వ్రతం. పీటల చుట్టూ స్టాండ్ల మీద నాలుగు ఫోన్లు నిలబెట్టారు. నాలుగూ విడివిడిగా ప్రసారం చేస్తున్నాయి.

"విశాఖలో చుట్టాలు, హైదరాబాద్‌లో చుట్టాలు, నాగపూర్‌లో చుట్టాలు, అందరూ చూస్తున్నారమ్మా. కథ మధ్యలో తెగిపోతే ఏం బాగుంటుంది చెప్పు" అన్నారు ఆయన భార్య సీతాలక్ష్మిగారు.

"ఒక్క ఫోన్ చాలు కదండీ. అందరికీ అదే లింకు పంపండి" అన్నాను.

"ఒకటి మా వియ్యాలవారికి ప్రత్యేకంగా పెట్టింది, అది తీస్తే మాటొస్తుంది" అన్నారు శేషగిరిరావుగారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ కంపెనీ కాంట్రాక్టు ఈ నెల్లోనే కమిటీ ముందుకొస్తోంది. గుర్తుందిగా?" అన్నారు.

గుర్తు లేకేం. అక్కడే చాప మీద కూర్చుని నా లాప్‌టాప్ తెరిచాను. మనకి వచ్చే దారి వేరు, మననుంచి బయటికి వెళ్ళే దారి వేరు. ప్రసారానికి కావలసింది బయటికి వెళ్ళే దారి. అది ఎక్కడినుంచో తేవాలి. గెస్ట్‌వాళ్ళది కోశాను. వాళ్ళకి వచ్చేదాన్ని ముట్టుకోలేదు, వాళ్ళు పంపేదాన్ని మాత్రం పదహారో వంతుకి పిండేశాను. డెలివరీవాళ్ళు బయటికి పంపేదేముంటుంది? నాలుగు ఫోన్లలోనూ పంతులుగారు నిండుగా, నదురుగా కనబడ్డారు. సీతాలక్ష్మిగారు దొన్నెలో ప్రసాదం పెట్టిచ్చారు. జీడిపప్పు బాగా వేశారు. తిన్నాను.

కిందికి వచ్చేసరికి పదకొండూ ముప్పావు దాటింది. ప్రత్యూష లైబ్రరీ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగారక్కా. 'సాఫ్ బోలియే, సాఫ్ బోలియే' అని, సరిగ్గా పలకమని అంటన్నారు. నాకు ఆళ్ళు శుభ్రంగా కనబడతన్నారు, వినబడతన్నారు. నాను నోరు తెరిస్తే చాలు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒకావిడ నవ్వింది." చీర దులుపుకుని లేచి, "నెట్ బాగానే ఉందా?" అంది.

"అద్దంలా ఉంది. దగ్గరుండి చూశాను" అన్నాను. నేను చూడలేదు. చూశాననడం నాకు అలవాటు. అక్కడితో ఊరుకోకుండా, "నెట్ మీద నెపం పెట్టకే. బెదిరిపోయుంటావు" అని కూడా అన్నాను.

అది తల ఊపింది.

పన్నెండు రోజులకి స్కూలునుంచి మెయిల్ వచ్చింది. సబ్జెక్టు బాగుంది, ఉచ్చారణ స్పష్టంగా లేదు, మాటలు మధ్యలో మింగేస్తోంది, తరగతి గదికి తగదు. హిందీలో మూడు వాక్యాలు. ప్రత్యూష దాన్ని నాకు ఫార్వర్డ్ చేసింది, కింద ఏమీ రాయలేదు.

ఆ తర్వాతి వారం పిన్ని ఫోన్ చేసింది. "గుంటలకి సదువు సెప్పడం మానీసిందమ్మా. నా మాట ఎవరికీ అర్థం కాదు, ఆళ్ళ సదువెందుకు పాడుసెయ్యాలి అంటంది. సిర్గిట్టీలో ఏదో గోడౌన్లో లేబుళ్ళు అంటించే పనికి ఎల్తంది. అక్కడ మాటాడక్కర్లేదంట. నువ్వొకసారి సెప్పమ్మా, నీ మాటంటే దానికి గురి."

వస్తాను అన్నాను గాని వెళ్ళలేదు. పని. కాంట్రాక్టు కొనసాగించారు, దాని హడావిడి.

నెలాఖరు రిపోర్టు తీస్తున్నప్పుడు కనబడింది. గెస్ట్ జాబితాలో, ఆ ఆదివారం, లైబ్రరీలో ఒక లాప్‌టాప్. పది నలభై నుంచి పదకొండున్నర దాటేదాకా. అది బయటికి పంపినదాంట్లో సగానికి పైగా మా నెట్‌వర్కే దారిలో పారేసింది. ప్రత్యూష నోటినుంచి వచ్చిన ప్రతి మాటనీ సగానికి కోసి రాయపూర్ పంపిందన్నమాట. ప్రత్యూషకి మాత్రం అవతలివాళ్ళు చక్కగా కనబడుతున్నారు. ఇంక తప్పెవరిదనుకుంటుంది?

ఆఫీసుకెళ్ళి రాంప్రసాద్ ముందు ఆ కాగితం పడేశాను. "ఈ లాప్‌టాప్‌ని గెస్ట్‌లో ఎందుకు పెట్టావు? మా చుట్టాలని చెప్పానా లేదా?"

అతను బిత్తరపోయాడు. "చెప్పారు దీదీ. అందుకే పెట్టాను. చుట్టాలంటే మెహమాన్ కదా? మెహమాన్ అంటే గెస్టే కదా?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. రాంప్రసాద్ కూడా మాలాగే రైల్వే క్వార్టర్లలో పుట్టినవాడు. తెలుగు ఇంట్లో తప్ప మాట్లాడడు. విజయనగరం నుంచి ఎవరైనా దిగితే వాళ్ళమ్మ "చుట్టాలొచ్చారు" అంటుంది, వాళ్ళ నాన్న పక్కింటివాళ్ళతో "మెహమాన్ ఆయే హై" అంటాడు. ఆ మాటకి అతనికి తెలిసిన అర్థం అదొక్కటే. నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవాళ్ళు. నేను 'మావాళ్ళు' అన్నాననుకున్నాను. అతను 'పరాయివాళ్ళు' అని విన్నాడు. అతన్ననడానికేముంది? దొంగచాటుగా చేయించుకోబట్టి నేను రెండోసారి చెప్పలేదు, సరిచూడలేదు. ఆపైన గెస్ట్‌వాళ్ళ పీక నొక్కింది నా చేతులే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. కాకపోతే ఆ బల్లి తనొక్కతే పడింది.

స్కూలుకి ఫోన్ చేశాను. పోస్టు నిండిపోయింది మేడమ్, వచ్చే ఏడాది చూడండి అన్నారు. ఇంక నా దగ్గర దానికివ్వడానికి మిగిలింది నిజం ఒక్కటే. కాగితం పట్టుకుని ఆ ఆదివారం తిఫ్రా వెళ్ళాను.

ప్రత్యూష వరండాలో బట్టలు మడతపెడుతోంది. పిన్ని టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. పక్క షెడ్డులో సుత్తి మోగుతూనే ఉంది. పిల్లలు కూర్చునే చాపలు చుట్టేసి గోడకి ఆనించి ఉన్నాయి.

"తప్పు నీది కాదే" అన్నాను. మొదటినుంచీ చెప్పాను. లిఫ్టులో పెట్టిన మెసేజీ, రాంప్రసాద్, నాలుగు ఫోన్లు, వాటికోసం నేను కోసింది, అన్నీ. ప్రసాదం తిన్నది కూడా చెప్పాను. కాగితం చేతికిచ్చాను.

అది కాగితం చూసింది. అంకెలు అర్థం కాని పిల్ల కాదు. అయినా మడిచి నా ఒళ్ళో పెట్టేసింది.

"అమ్మ పంపిందా అక్కా?"

"ఎవరూ పంపలేదు. నిజం చెప్తన్నాను."

"నెట్ అద్దంలా ఉందని ఆ రోజు నువ్వే అన్నావు."

"అబద్ధమాడానే."

"అప్పుడెందుకాడతావు? అప్పటికి రిజల్టే రాలేదు కదా. ఇప్పుడు నాను ఏడుస్తానని ఆడతన్నావు." నవ్వింది. ఆ నవ్వులో నా మీద జాలి ఉంది. "నన్ను గెస్ట్‌లో ఎందుకు పెడతారక్కా? నీ చెల్లిని. నువ్వు దగ్గరుండి చూసుకున్నావు."

నాకు ఏడుపొచ్చింది. ఒట్టు పెట్టాను. అది నా ఒట్టు కూడా వినలేదు, నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు గమనించాను. వచ్చిన దగ్గర్నుంచీ అది మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. ఒక్కో మాటా విడదీసి, పెదాలు బాగా కదుపుతూ, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. ఇదివరకు దాని మాట ఇలా ఉండేది కాదు, గలగలా వాగేది.

"బెంగ పెట్టుకోకు. నాకు ఆ పని బాగానే ఉంది" అంది నెమ్మదిగా. నా మొహంలోకి చూసి, ఇంకొంచెం గట్టిగా, "నాను సెప్పింది నీకు అర్థమయిందా అక్కా?" అని అడిగింది.

అర్థమయింది అన్నాను.