కామాక్షి గారి వంటిల్లు

రాకెట్ వెళ్ళే రోజు మా ఇంట్లో పొయ్యి ఆరదు. సూళ్లూరుపేటలో మా వీధి మొత్తానికీ ఎత్తయిన మిద్దె మాది కావడమే నా పాలిట శాపం. గూడూరు నుంచీ నాయుడుపేట నుంచీ, ఏడాదంతా ముఖం చూపించని మా ఆయన తరఫు బంధువులు ఆ రోజు పిల్లాజెల్లాతో దిగిపోతారు. వాళ్ళు పైన కూర్చుని ఆకాశం చూడాలి, నేను కింద నుంచి కాఫీలూ బోండాలూ ఆ తర్వాత భోజనాలూ పైకి మోయాలి. పెళ్ళై ఈ ఊరొచ్చాక ఎన్ని రాకెట్లు పోయాయో గానీ, నాకు రాకెట్టంటే వంటింటి కిటికీ అద్దాలు గడగడలాడడమే. ఒకసారి గరిటె పక్కన పెట్టి పైకి పోబోతే మా అత్త ఆదిశేషమ్మ, "నువ్వు చూడకపోతే అది పైకి లేవదా ఏంది? పులుసు అడుగంటుద్ది, పో" అంది. అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ రోజు కూడా పెద్ద గిన్నెలో చేపల పులుసు మరుగుతోంది. మామిడికాయ ముక్కలు వేయబోతుంటే మా ఆయన విజయభాస్కర్ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా ఇంట్లో అదొక పద్ధతి. ఏది వండినా ఆయన ఫొటోలూ వీడియోలూ తీసేదాకా ఎవరికీ వడ్డించకూడదు. నా చేతులు మాత్రమే కనబడేలా తీస్తాడు. గాజులు సర్దుకోమంటాడు. "నోరు తెరవబాక, వీడియో చెడిపోద్ది" అంటాడు. ఇవన్నీ ఎవరికని అడిగితే "ఫ్రెండ్స్‌కి" అంటాడు. నా వంట బాగుందని ఒక్కనాడూ అనని మనిషి కనీసం నలుగురికీ చూపించుకుంటున్నాడు కదా అని, సిగ్గు లేకుండా లోలోపల సంతోషపడేదాన్ని. నాకున్నది బటన్ల ఫోను. ఒకసారి టచ్ ఫోను కావాలని అడిగితే, "సంసారం చేసుకునే ఆడోళ్ళకి ఇంటర్నెట్టెందుకే? చెడిపోతారు" అన్నాడు. పాపం, నేను చెడిపోకుండా ఇన్నేళ్ళూ కాపాడుకొచ్చాడు.

వీడియో తీసుకుని ఆయన పైకి వెళ్ళిపోయాడు. బంధువులందరూ అప్పటికే మిద్దె మీదున్నారు. వాకిట్లోంచి ఎవరో ఆడమనిషి పిలిచింది.

"కామాక్షక్క ఇల్లు ఇదేనా?"

పాతికేళ్ళుంటాయేమో ఆ పిల్లకి. ఎడమ చేయి కట్టు కట్టి చున్నీలో వేలాడేసుకుని ఉంది. నన్ను చూడగానే ఎన్నాళ్ళనుంచో తెలిసినదానిలా దగ్గరకొచ్చి రెండో చేత్తో నా చేయి పట్టుకుంది.

"ఎట్ట ఉండావక్కా? నీ మొహం ఎప్పుడూ చూపించవు గదా, ఈ గాజుల్ని బట్టి గుర్తు పట్టినా. నేను షారన్‌ని, నాయుడుపేట."

"ఎవరమ్మా నువ్వు? నాకు తెలీదే."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "అట్టంటావేందక్కా? రోజూ మెసేజీల్లో మాట్లాడుకుంటాం గదా. మా ఆయన కొడతాడని మా అమ్మోళ్ళింట్లో ఉంటే, తిరిగి ఆయన కాడికే పొమ్మన్నావు. నువ్వు చెప్పినావని పోయినా. పోయినందుకు ఇదిగో, చెయ్యి ఇరిచినాడు. ఇప్పుడేం చెయ్యమంటావో అడుగుదామనే రైలెక్కినా. మీ మిద్దె మీద తీసిన ఫొటోల్లో కింద కిరాణా కొట్టు బోర్డు మీద ఊరి పేరు కనపడతా ఉంటే, అడుక్కుంటా వచ్చినా."

ఆమెను లోపల కూర్చోబెట్టి ఫోను చూపించమన్నాను. తెర మీద నా చేతులు. నా గాజులు. నా బాణలి. పైన పెద్దక్షరాలతో 'కామాక్షి గారి వంటిల్లు.' గారట! ఇంట్లో ఏమే, ఒసే తప్ప నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. కింద రాతలు చదివాను. "ఈ పులుసు మావారే దగ్గరుండి నేర్పించారు. ఆయన చేయి సాయం లేనిదే నా వంటింట్లో ఏ పనీ సాగదు." తాగిన గ్లాసు కూడా తీయని మనిషి! దాని కింద వందలాది ఆడవాళ్ళు, "ఎంత అదృష్టవంతురాలివక్కా" అని మురిసిపోతున్నారు.

ఒళ్ళు మండిపోయింది. ఆయనకు ఇదెందుకు కావలసివచ్చిందో నాకు తెలుసు. ఎరువుల కొట్టులో గుమాస్తా పని. యజమాని రైతులందరి ముందూ "ఒరే భాస్కరూ" అని కేకేస్తే పరుగెత్తాలి. ఇక్కడైతే వేలమంది అక్కా అక్కా అని నెత్తిన పెట్టుకుంటారు. పైగా ఆ అక్క చేత తన గురించి తానే పొగిడించుకోవచ్చు. ఆ దుకాణం, ఆ యజమాని, ఆ బతుకూ నచ్చక నా పేరులోకి దూరి దాక్కున్నాడు. దాక్కుంటే దాక్కున్నాడు, నేను అరవచాకిరీ చేసే వంటింట్లో ఆయనకు రాణీవాసం దొరికింది. అంతవరకైతే తిట్టి ఊరుకునేదాన్నేమో. షారన్ తనకొచ్చిన జవాబులు తీసి నా ముందు పెట్టింది.

"మా ఆయన కూడా మొదట్లో చేయి చేసుకునేవారు చెల్లీ. నేను ఎదురు చెప్పకుండా ఓర్చుకున్నాను. ఇప్పుడు నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారు. నువ్వూ వెళ్ళిపో, అంతా సర్దుకుంటుంది."

మళ్ళీ చదివాను. ఆ దెబ్బలు నిజం. అవి మా అమ్మకు కూడా చెప్పలేదు నేను. మా ఇద్దరికే తెలిసిన సంగతిని తీసి, మా ఆయన ఊళ్ళో ఆడపిల్లలందరికీ సుద్దులు చెబుతున్నాడు. తన దెబ్బల్ని తానే నా నోటితో క్షమించేసుకున్నాడు. నేను ఆ పని ఇంతవరకూ చేయలేదు.

"కాఫీలేవే?" అంటూ ఆయన దిగొచ్చాడు. షారన్‌నూ ఆమె చేతిలో ఫోన్‌నూ చూసి ఆగిపోయాడు. నన్ను పెరటివైపు లాక్కుపోయాడు.

"ఏమైందిప్పుడు? నీ పేరే గదా పెట్టినా, వేరే ఆడదాని పేరు పెట్టినానా? నీకు మంచిపేరే గదా తెచ్చినా."

"ఆ పిల్లకి చెయ్యి ఇరిగింది."

"నేనిరిచినానా? కాపురం నిలబెట్టుకోమని చెప్పడం తప్పా? అన్నం పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించు. నువ్వే రాసినావని ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోదు. పైన లైవ్ పెడతా ఉండా, జనం కాచుకోనుండారు. నువ్వు కాఫీలు తీసుకురా, రాకెట్ లేచేటప్పుడు మాత్రం గొంతు వినపడనీబాక" అని పైకి పోయాడు. ఆడదాని పేరు పెట్టుకున్న లైవ్‌లో మగగొంతు వినబడితే కొంప మునుగుతుంది. అందుకని ఆయనా మాట్లాడడు, ఎవరినీ మాట్లాడనివ్వడు.

షారన్ గుమ్మం దాకా వచ్చి అంతా విన్నది. "నువ్వు రాయలేదా అక్కా?"

ఒక్క మాట. ఆ ఒక్క మాట అనేస్తే ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది, బంధువులు భోంచేసి వెళ్ళిపోతారు, నేను గిన్నెలు తోముకుంటాను.

"లేదమ్మా. ఆయన రాసినాడు. ఇందాకటిదాకా నాకు నీ పేరు కూడా తెలీదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాకొక్కదానికేనా అక్కా, ఇంకా ఎవురికైనా ఇట్టనే పొమ్మని చెప్పుంటాడా?" అని అడిగింది.

ఎంతమందో! ఈ పూట ఎవరెవరు మొగుడి తలుపు తట్టి లోపలికి పోతున్నారో, నా మాట నమ్ముకుని! ఆమె ముందు అన్నం పెట్టి తినమని చెప్పి, మెట్లెక్కాను.

మిద్దె మీద అందరూ తలలెత్తి, నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. మా ఆయన ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. శ్రీహరికోట వైపు వెలుగు లేచింది, ఆ వెనకే ఉరుము మిద్దెను కదిలించింది. కాఫీలు లేకుండా వచ్చినందుకు మా అత్త కళ్ళెర్రజేసింది. ఉరుము సద్దుమణిగేదాకా ఆగి, నేను వెళ్ళి ఆయన ఎత్తిన చేయి పట్టుకుని ఫోను నా ముఖం వైపు తిప్పుకున్నాను. ఆయన గింజుకున్నాడు గానీ అరవడానికి నోరు తెరవలేకపోయాడు.

"నేను కామాక్షిని. ఇన్నాళ్ళూ నా పేరుతో మీతో మాట్లాడింది మా ఆయన. ఈయన కొట్టినప్పుడు నేను ఓర్చుకోలేదమ్మా, భయపడినా. నా మాట విని ఎవరన్నా వెనక్కి పోతా ఉంటే, పోబాకండి."