లోపలున్నవాడికి ముందస్తు బెయిలు

కొత్త క్రిమినల్ కోడు వచ్చిన ఏడాది, ప్రొద్దుటూరులో మా వకీలు గురురాజారావుగారికి ‘ముందస్తు బెయిలు’ అనే మాట మహా ముద్దొచ్చింది. దాన్ని పార్టీలకు విడమరిచి చెప్పే పీడ ఆయన గుమాస్తానైన నాకు చుట్టుకుంది.

“బస్సెక్కక ముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలేస్తారే, అట్లాంటిదమ్మా” అన్నాను ఖాతూన్‌బీతో.

ఆమె మొగుడు మౌలాలి పరుపులు కుట్టే దూదేకులాయన. సంతలో బట్టల వ్యాపారిని దూదేకే విల్లుతో బాది, జమ్మలమడుగు సబ్ జైల్లో నెల శిక్ష అనుభవిస్తున్నాడు. ఆ బాదడం మాత్రం నిజమే. వారంలో వస్తాడనగా, పులివెందుల పక్క పల్లెలో ఒక పెద్దమనిషి గడ్డివామి కాలింది. తన పరుపు నిండా నల్లులేనని మౌలాలి ఊరంతా చాటాడని ఆయనకు పాత కోపం. ఇంకేం, పోలీసుల దగ్గర మౌలాలి పేరు రాయించాడు.

“గేటు కాడనే పట్టుకపోతారంట సామీ. ఒక్కదాన్నే దూది ఏకలేక సస్తాండా. ఎట్లన్నా ఆయప్పను ఇంటికి చేర్చండి” అంది ఖాతూన్‌బీ.

పై కోర్టులో జడ్జిగారు కాగితం తిరగేశారు.

“మీ క్లయింటు ఎక్కడున్నాడు?”

“జైల్లో అండీ” అన్నారు మా వకీలు.

“లోపలున్నవాడికి అరెస్టు భయమేమిటి? బయటికొచ్చాక రమ్మనండి.”

“వామి కాలిన రోజు కూడా లోపలే ఉన్నాడండీ. తేదీ చిత్తగించండి.”

“అది విచారణలో తేలాలి.”

పిటిషను కొట్టేశారు. వామి తగలబెట్టలేనంత లోపల ఉన్నాడంటే నమ్మని కోర్టు, భయపడలేనంత లోపల ఉన్నాడంటే నమ్మింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“తువ్వాలేమాయ సామీ?” అనడిగింది ఖాతూన్‌బీ.

“ఒక బస్సులో కూర్చున్నోడు ఇంకో బస్సుకు తువ్వాలెయ్యకూడదంటమ్మా” అన్నాను సిగ్గుతో.

సోమవారం మౌలాలి గేటు దాటాడు. ఖాతూన్‌బీ తెచ్చిన ఉతికిన చొక్కా తొడుక్కునేలోపే చేతులకు బేడీలు పడ్డాయి.

ఈసారి మామూలు బెయిలే అడిగాం. ప్రభుత్వ వకీలు లేచి, “జైల్లో ఉండే వామి తగలబెట్టినవాడు, బయటికొదిలితే ఊరే తగలబెడతాడు” అన్నాడు. ఆ మాటలో జడ్జిగారికి బలం కనిపించింది. బెయిలు లేదు పొమ్మన్నారు.

ఖాతూన్‌బీ ఏడవలేదు. చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

“ఇంక యాడ ఏం కాలినా ఆయప్ప పేరే రాసుకోమనండి సామీ. వెతికే పని ల్యాదు, లోపలే ఉంటాడు.”