తువ్వాలు కింద రొద

మా ఇంట్లో బల్ల ఒక్కటే. ముందు గదిలో కిటికీ పక్కన ఉంటుంది. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా దాని ముందు కూర్చుని నేను ప్రార్థన చేసుకుంటాను. ఇరవై ఏళ్లుగా అదే వేళ, అదే కుర్చీ.

కోడలు ఇంటి నుంచే పని చేస్తుంది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, రిపోర్టులుగా టైపు చేయాలి. మూడేళ్లయినా ఆ పని తాత్కాలికమే. ఆమె ల్యాప్‌టాప్ పాతది. గంట నడిస్తే చాలు, లోపలి ఫ్యాను గుయ్యిమని మొదలుపెడుతుంది. అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది.

ఒకరోజు నేనే అన్నాను. "అమ్మాయ్, ఆ రొద కాస్త తగ్గించగలవా? మనసు నిలవడం లేదు."

"అలాగే మామయ్యగారూ," అంది.

మర్నాటి నుంచి రొద లేదు. ఎలా తగ్గించిందో నేను అడగలేదు. నా భార్య మాత్రం ఊరుకోలేదు. "వినే మనిషి దొరికింది కాబట్టి చెప్పారు. మీ అబ్బాయి గురకకి కూడా ఓసారి చెప్పి చూడండి," అంది. నవ్వేసి వదిలేశాను.

పోయిన నెల కోడలికి పరీక్ష వచ్చింది. ఉద్యోగం ఖాయం చేయడానికి పెట్టే పరీక్ష. ఇంటి నుంచే రాయవచ్చు, కానీ ఒక్కసారే రాయనిస్తారు. పొద్దున్న ఎనిమిదిన్నరకు మొదలైతే గంటన్నర. ముందు రోజు మధ్యాహ్నం ఆమె వచ్చి బల్ల దగ్గర నిలబడింది. లేని దుమ్మును కొంగుతో తుడిచింది.

"మామయ్యగారూ, రేపు ఎనిమిదిన్నరకు పరీక్ష."

"తెలుసమ్మా. నీ కోసమే ప్రార్థిస్తాను. అరగంట కాదు, నువ్వు రాయడం అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను, సరేనా?"

ఆమె బల్ల వైపు చూసింది. "మీ దయ మామయ్యగారూ," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అన్న మాట ప్రకారమే కూర్చున్నాను. అబ్బాయి పనికి వెళ్లిపోయాడు. కోడలు తన గది తలుపు వేసుకుంది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నా మొర చేరవలసిన చోటికి చేరుతోందనే అనుకున్నాను.

తొమ్మిదిన్నర దాటాక ఆ తలుపు తెరుచుకుంది. పొయ్యి మీది గిన్నెను దించినట్టు, ల్యాప్‌టాప్‌ను తువ్వాలుతో పట్టుకుని నిలబడింది కోడలు.

"ఆగిపోయింది."

"మళ్లీ ఆన్ చెయ్యమ్మా."

"చేశానండీ. చల్లారితే గానీ రాదు."

చల్లారడానికి అరగంట పట్టింది. తెర వెలిగేసరికి పరీక్ష సమయం అయిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరం మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను అడుగు మూత విప్పి, ఫ్యానుకు చుట్టుకున్న పీచు చూపించి, "దీంతో దిండు కుట్టుకోవచ్చు," అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు. "దేని మీద పెట్టి వాడతారమ్మా?"

"మంచం మీద."

"కింద ఏమన్నా వేస్తారా?"

"మడత పెట్టిన తువ్వాలు. పక్కన దిండు ఆనిస్తాను."

"ఎందుకమ్మా, దానికి చలా?"

"చప్పుడు బయటికి రాకుండా."

"ఆ చప్పుడు దీని ఊపిరమ్మా. గాలి అడుగు నుంచి పీల్చుకుని పక్క నుంచి వదులుతుంది. ముక్కూ నోరూ మూసి పరుగెత్తమంటే నేనైనా పడిపోతాను. ఇంత గొప్ప సలహా ఎవరిచ్చారు?"

"నాకే తోచింది," అంది కోడలు.

నేను చెప్పవలసిన చోటు అది. చెప్పకుండా, అతని పళ్లెంలోని మరమేకులను చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చే దారిలో నోరు పెగిలింది. "బల్ల కావాలని ఒక్క మాట అడగాల్సిందమ్మా."

"అడగడానికే వచ్చాను మామయ్యగారూ. నా కోసం ప్రార్థిస్తానన్నారు. ప్రార్థన చేసే మనిషిని లేవమని ఎలా అనను?"

మూడో రోజు సంస్థ నుంచి జవాబు వచ్చింది. జరిగింది వివరంగా రాసి, మళ్లీ ఒక్క అవకాశం ఇమ్మని కోడలు అంతకుముందే అడిగింది. వాళ్లు పంపింది రెండే వాక్యాలు. అభ్యర్థి తనంతట తానే పరీక్ష నుంచి విరమించుకున్నట్టు నమోదైంది. దీన్ని అంగీకరిస్తేనే తాత్కాలిక పని కొనసాగుతుంది.

అప్పుడు సమయం ఎనిమిది ముప్పావు. ఆ మూడు రోజులుగా బల్ల ఆమెకే వదిలేశాను. ప్రార్థన వంటింట్లో పీట మీద చేసుకుంటున్నాను. ఆమె పిలవకపోయినా వెళ్లి, వెనక నిలబడి ఆ వాక్యాలు చదివాను.

"ఇది అబద్ధం కదమ్మా. నువ్వెక్కడ విరమించుకున్నావు? తప్పు నాదని నేను రాస్తాను వాళ్లకి."

"ఏమని రాస్తారు? మా మామయ్యగారు దేవుణ్ణి వేడుకుంటున్నారు, అందుకని బల్ల ఖాళీ లేదనా?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ రోజు నేను అడిగింది దేవుడికి వినబడిందో లేదో తెలియదు. వినబడి ఉంటే, లేచి అమ్మాయికి కుర్చీ ఇవ్వమని నాకెందుకు తోచనివ్వలేదు? లేక తోచిందా? ముందు రోజు ఆమె కొంగుతో బల్ల తుడిచినప్పుడు తోచవలసింది అదే కాదూ?

కోడలు 'అంగీకరిస్తున్నాను' అన్న చోట నొక్కింది. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది. లోపలి ఫ్యాను గుయ్యిమని తిరగసాగింది.

"కొంచెం పక్కకి జరగండి మామయ్యగారూ," అంది, తల తిప్పకుండానే. "మీ నీడ పడి కీబోర్డు మీద అక్షరాలు కనబడట్లేదు."

జరిగాను.