మూడు రెండు ఒకటి

నిన్ననే కదా తుడిచింది, మళ్ళీ ఈ జిడ్డు చార ఎక్కడిది అనుకుంటూ తడిగుడ్డతో కంప్యూటర్ బల్ల తుడుస్తోంది ఆమె, కీబోర్డు ఎత్తి దాని కింద, మానిటర్ కాళ్ళ చుట్టూ, మౌసు తీగ పొడుగునా, ఆ మౌసు మళ్ళీ ఎడమ పక్కకు వచ్చి కూర్చుంది, నిన్న సాయంత్రం పనయ్యాక కుడి పక్కనే పెట్టి లేచింది, బాగా గుర్తు, పెళ్ళై ఈ ఇంటికొచ్చిన నాలుగు నెలల్లో మౌసు ఇలా పక్క మారడం ఎన్నిసార్లయిందో లెక్కపెట్టడం మానేసింది, పిల్లి జరిపిందనుకుందామంటే ఇంట్లో పిల్లి లేదు, ఉన్నా మౌసును జరుపుతుంది గాని లోపల బటన్లు తారుమారు చెయ్యలేదు కదా, ఎడమది నొక్కితే కుడిది పని చేస్తుంది, పేజీ తెరవబోతే అక్కర్లేని జాబితా ఊడిపడుతుంది, మధ్యాహ్నానికల్లా పాఠ్యపుస్తకం నలభై పేజీలు ప్రెస్సుకి పంపాలి, అమ్మాయ్, ఈసారి ఆలస్యమైతే పని ఇంకొకరికి పోతుంది, అని ప్రెస్సాయన మెత్తగానే అన్నాడు, ఆయన మెత్తగా అంటేనే భయం.

ఈ లినక్సు మిషను ఆడపడుచు పెట్టుకున్నదట, ఇంట్లో అందరూ చిట్టి అంటారు, ఆమె చిట్టిని చూడలేదు, తమ పెళ్ళికి ఏడాది ముందే చిట్టి ఓ పొద్దున వెనక తలుపు తీసుకుని ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిందట, ఎవరితోనో పోయిందన్నారు, ఆ ఎవరో ఎలా ఉంటాడో చూసినవాళ్ళు లేరు, చిట్టిది ఎడమచేతి వాటమమ్మా, దాని పద్ధతి దానికి ఉండనీ, వస్తే వెతుక్కోకూడదు, అంది అత్తయ్య మొదటి రోజే, అందుకే గరిటెల కొక్కెం పొయ్యికి ఎడమ పక్క, కత్తెర ఎడమచేతిది, కుడిచేత్తో పట్టుకుంటే బట్ట తెగదు, నలుగుతుంది, భర్త కూడా ఎడమచేత్తోనే గడ్డం గీసుకుంటాడు, చిన్నప్పట్నుంచీ ఇంతేనా మీకు అనడిగితే బ్లేడు గాల్లో ఆపి, ఏమో, గుర్తులేదు, అన్నాడు, నవ్వుతాడేమోనని అద్దంలోకి చూసింది, నవ్వలేదు.

సెట్టింగుల్లో కుడిచేతి వాటం అనే ఉంది, నొక్కిన బటన్ అంకె చూపించే చిన్న కిటికీ తెరిచి ఎడమది నొక్కింది, ఒకటి రావాలి, మూడు వచ్చింది, మళ్ళీ నొక్కింది, మూడు, ఎవరో అవతల కూర్చుని నిదానంగా జవాబు చెప్తున్నట్టు మూడు, సెట్టింగుల మాట నమ్మకు తల్లీ, పొద్దున లేవగానే మిషను చదువుకునే ఫైలొకటి ఉంటుంది, అది చూడు, అని పని నేర్పిన పెద్దాయన అనేవాడు, ఆ ఫైల్లో మూడు రెండు ఒకటి అన్న వరుస ఉంటే బటన్లు తిరగబడతాయి, దాన్ని ఇప్పటికి నాలుగుసార్లు తీసేసింది, ఇవాళ ఐదోసారి తెరిస్తే చక్కగా అక్కడే ఉంది, ఫైలు మార్చిన సమయం చూసింది, ఈ ఉదయమే, ఐదూ నలభై, అప్పుడు తను స్నానాల గదిలో ఉంది, టకటకమని చప్పుడు విని కుళాయి కారుతోందనుకుంది, అమ్మకి స్విచ్చెక్కడుందో కూడా తెలీదే అంటాడు భర్త, కానీ అత్తయ్య ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో టైపిస్టు, కళ్ళు మూసుకుని కొడుతుంది, తను ఆ వరుస తీసేస్తున్నప్పుడల్లా కుర్చీ వెనక నిలబడి ఏంటమ్మా అది అని అడిగేది, అడిగి ఊరుకునేది.

ఆ వరుస కింద అంతా ఖాళీ, ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది, ఇవాళ ఎందుకో కిందికి జరుపుతూ పోయింది, ఖాళీ, ఖాళీ, అట్టడుగున నాలుగు వరుసలు, ఒక్కోదాని మొదట్లో ఆశ్చర్యార్థకం, అలా పెట్టిన వరుసల్ని మిషను చదవదు, అవి మనుషులకోసం, నాది కుడిచెయ్యి అమ్మా, అని ఉంది, దాని కింద నాది కుడిచెయ్యే, చిన్నప్పుడు అన్నయ్యదీ అంతే, దాని కింద ఇవాళ బ్యాంకులో నా సంతకం నాకే రాలేదు, చివర్న ఒక్కటి, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఒకసారి కాగితం మీద మీ పేరు రాసి చూసుకోండి.

పెన్ను తీసుకుంది, పేరు వచ్చింది, గుండ్రంగా, కుదురుగా, పట్టుకున్నది ఎడమచెయ్యి, తడిగుడ్డ కూడా ఇందాకటినుంచీ ఆ చేతిలోనే ఉంది, మౌసు అటుంటే అటే పట్టుకుంది పని ఆగకూడదని, గరిటె అటుంటే అటే అందుకుంది, ఎన్నాళ్ళయిందో, పెన్ను కుడిచేతికి మార్చింది, మొదటి అక్షరం తలకట్టు దగ్గరే వేళ్ళు ఆగిపోయాయి, ఎక్కడో అరువు తెచ్చుకున్న చెయ్యిలా, వెనక టీ వాసన, అత్తయ్య ఎడమచేత్తో గ్లాసు బల్ల మీద ఎడమ పక్కన పెట్టింది, ఏంటమ్మా చదువుతున్నావ్, అంది, తెర వంక చూడలేదు, కాగితం వంక చూసి తృప్తిగా, బాగా వచ్చేసిందే, మా వాడికి రెండేళ్ళు పట్టింది, నీది చురుకైన చెయ్యి చిట్టీ, అంది, తనని చిట్టీ అంది, అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కుడిచేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అన్నిటికంటే కింద ఒక ఆశ్చర్యార్థకం పెట్టి నాదీ కుడిచెయ్యే అని కొట్టింది, పేజీలు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంది, ప్రెస్సుకి తనే పట్టుకెళ్తుంది, చిట్టి ఎవరితోనూ వెళ్ళలేదు, కుడిచెయ్యి ఇంకా కాస్త మిగిలుండగానే ఆ చేత్తో తలుపు తీసుకుని వెళ్ళింది, అంతే, వంటింట్లో గరిటె తిరుగుతోంది, వెనక తలుపు గడియ మీదికి ఎడమచెయ్యి తనంతట తనే లేచింది, దాన్ని దించి కుడిచెయ్యి వేసింది, వేళ్ళు రెండుసార్లు జారాయి, మూడోసారి గడియ వచ్చింది, ఒక్క మాటా అనకుండా ఆమె మెట్లు దిగింది.